బాధకు భాష

జబ్బును గూర్చి చెప్పుటకు ఆంగ్లభాషలో మాటలు చాలవని వర్జీనియా వూల్ఫ్ 1926లో ఒక వ్యాసమున ఫిర్యాదు చేసెను. షేక్స్పియరు పాత్రల అంతరంగమునంతయు విప్పి చెప్పగల భాష, ఒంటినొప్పి దగ్గరకు వచ్చుసరికి మూగపోవునని ఆమె వాదము. వాదము సొగసైనది, చదివినవారు తలయూచి ఒప్పుకొనదగినది. ఎనుబదినాలుగేండ్ల తరువాత, 2010లో, మరియొక ఆంగ్ల రచయిత్రి తాను ఆసుపత్రిలో గడపిన దినములను గూర్చి వ్రాయుచు వూల్ఫ్‌కు బదులు చెప్పెను. మాటలు లేకపోవుట యేమి? బాధకు కావలసినంత పదసంపద జనుల నోళ్ళలో శతాబ్దములుగా ఉన్నదే యని ఆమె వాదించెను. ఆ రచయిత్రి హిలరీ మాంటెల్. ఆ పదములతో అప్పటికి ముప్పది ఏండ్లకు పైగా కాపురము చేసినది గనుక ఆమె మాటకు బరువెక్కువ.

మాంటెల్ 1952లో ఇంగ్లండులోని డెర్బీషైరులో జన్మించెను. న్యాయశాస్త్రము చదువుచున్న నాటికే ఆమెకు కాళ్ళలోను, పొత్తికడుపులోను నొప్పి ఉండెడిది. చూచిన వైద్యులు శరీరమున దోషమేమియు కనుగొనలేక, దోషము మనస్సులో నున్నదని నిశ్చయించిరి. మనోవ్యాధికి ఇచ్చు మందులిచ్చిరి. ఆ మందుల వలన కలిగిన వికారములే మనోవ్యాధికి సాక్ష్యములైనవి. పిమ్మట ఆమె కొన్ని సంవత్సరములు వైద్యుల గడప త్రొక్కుటయే మానుకొనెను. 1977లో భూగర్భశాస్త్రజ్ఞుడైన భర్తతో ఆఫ్రికాలోని బోట్స్వానాకు వెళ్ళి, అక్కడ బాధ భరింపరానిదైనప్పుడు, ఒక వైద్యగ్రంథమును తెరచి తన జబ్బు పేరును తానే కనుగొనెను. అది ఎండోమెట్రియోసిస్. లండనులోని వైద్యులు ఆమె చెప్పినదే నిజమని నిర్ధారించి, ఆమె ఇరువదియేడేండ్ల వయస్సులో గర్భకోశమును, అండాశయములను తొలగించిరి.

కథ అక్కడితో సుఖాంతము కావలసినది. కాలేదు. నొప్పి మరల వచ్చెను. హార్మోను మందుల వలన సన్నని మనిషి గుర్తు పట్టలేనంత లావయ్యెను. 2003లో ప్రకటించిన ఆత్మకథలో ఆమె ఈ సంగతులన్నియు దాపరికము లేకుండ వ్రాసికొనెను. 2009లోను, 2012లోను బుకర్ బహుమానమును పొందిన నవలలు ఆ శరీరముతోనే, ఆ బాధతోనే వ్రాసినవి. 2022లో మరణించువరకు ఆ జబ్బు ఆమె బ్రతుకును కలతపెట్టుచునే యుండెను.

గ్రీకుభాషలో 'హిస్టెరా' అనగా గర్భకోశము. 'హిస్టీరియా' అను మాటయు, గర్భకోశమును తొలగించు 'హిస్టెరెక్టమీ' అను మాటయు ఆ ఒక్క ధాతువు నుండియే పుట్టినవి. స్త్రీ చెప్పిన బాధను నమ్మనప్పుడు మొదటి మాట అక్కరకు వచ్చెడిది. నమ్మిన తరువాత రెండవది. ఈ రెండింటికిని నడుమ చేయదగిన పని యెంతో ఉన్నదని వైద్యలోకము ఆలస్యముగా గుర్తించినది.

జబ్బు స్వభావము తెలిసికొన్నచో గర్భసంచి తీసివేసిన పిమ్మటకూడ నొప్పి ఏల నిలుచునో అర్థమగును. గర్భకోశము లోపలి పొర నెలనెల మందమై, రాలి, ముట్టుగా వెలువడును. దానిని పోలిన కణజాలము గర్భకోశమునకు వెలుపల పాతుకొనుటయే ఎండోమెట్రియోసిస్. అండాశయముల మీద, గర్భకోశమునకు వెనుకనున్న సందులో, పేగు మీద, మూత్రాశయము మీద అది పట్టుకొనును. హార్మోనుల ఆజ్ఞకు లోబడి అదియు ఉబ్బును, రక్తము స్రవించును. కాని ఆ రక్తము బయటపడుటకు దారి లేదు. అచ్చట వాపు కలుగును, మచ్చ కట్టును. ఒకదాని మీదనొకటి జారుచుండవలసిన అవయవములు బంకపెట్టినట్లు అతుకుకొనును. జాన్ శాంప్సన్ అను అమెరికా వైద్యుడు 1920 తరువాతి సంవత్సరములలో ఈ జబ్బునకు నేటి పేరు పెట్టెను. సంతానయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి ఇది యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

గర్భకోశమునకు వెలుపల నున్న జబ్బు గర్భకోశమును తీసివేసినంత మాత్రమున పోవునా? ఇంటి గోడ పడగొట్టినను పెరటిలో పాకిన తీగ చావదు గదా. ముట్టు నిలిచిపోవును; నెలనెల గర్భకోశము ముడుచుకొనుట వలన కలుగు నొప్పి పోవును. చాలమందికి ఇదియే గొప్ప ఉపశమనము, సందేహము లేదు. జబ్బు గర్భకోశపు గోడలోనే దిగియున్నవారికి మరింత మేలు. కాని వెలుపల పాతుకొన్న దానిని వెదకి, కోసి తీయనిచో అది మిగిలియే యుండును. అండాశయములు మిగిలియున్నచో దానికి ఎరువు కూడ నెలనెల అందుచుండును.

1995లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, ఈ జబ్బు కొరకే గర్భకోశమును తీయించుకొన్న 138 మంది స్త్రీల సంగతి పరిశీలించి ప్రకటించిరి. అండాశయములను కొంతయైన ఉంచిన 29 మందిలో 18 మందికి నొప్పి తిరిగి వచ్చినది. రెండింటిని తీసివేసిన 109 మందిలో 11 మందికి వచ్చినది. లెక్క చిన్నది, ఒక ఆసుపత్రికి సంబంధించినది. అయినను రెండు సంగతులు దానిలో స్పష్టముగా నున్నవి. అండాశయములను తీసిన నొప్పి తిరిగివచ్చుట తగ్గును. తీసినను కొందరికి రాక మానదు. అట్లని అందరికిని అండాశయములను తీసివేయుమనుట సులభము కాదు. ముప్పది, ముప్పదియైదేండ్ల స్త్రీకి అవి తీసివేసినచో ముట్లుడుగు వయస్సు ఒక్క దినములో వచ్చి మీద పడును. ఒళ్ళు ఆవిరులు, నిద్రలేమి వెంటనే కనబడును; ఎముకలు గుల్లబారుట, గుండెకు ముప్పు తరువాత కనబడును. వీనిని ఆపుటకు బయటి నుండి హార్మోను ఇచ్చినచో, మిగిలిన జబ్బునకు అదియే మేత కాగలదు. అందుచేత ఈస్ట్రోజను ఒక్కటే కాక ప్రొజెస్టోజను కూడ కలిపి యిచ్చుట మేలని వైద్యులు తలంచుచున్నారు.

ఈ సంగతి ఎక్కడి ఇంగ్లండుదో, అమెరికాదో అని తెలుగువారు ఊరకుండరాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో గర్భకోశము తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. తరువాతి సర్వేలోను ఈ రెండు రాష్ట్రములే ముందున్నవి. ఇవి అన్నియు ఎండోమెట్రియోసిస్ కొరకు చేసినవి కావు. అధిక రక్తస్రావమని, తెల్లబట్ట యని, ఉంచుకొన్నచో క్యాన్సరు వచ్చునను భయముచే తీయించుకొన్నవారు ఎందరో. అనవసరపు ఆపరేషనులను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో నియమములను వెలువరించగా, వానిని అమలుపరుపవలసినదిగా 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. అది వేరొక కథ, పెద్ద కథ. ఇచ్చట చెప్పదలచినది ఆపరేషను అయిపోయిన తరువాతి సంగతి. ఆపరేషను జరిగినదా, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని సర్వే అడుగును. నొప్పి తగ్గినదా అని అడుగదు.

ఇంటిలోను ఆ ప్రశ్న మరియొక రూపమున వచ్చును. "సంచి తీసేశారు గదమ్మా, ఇంకా నొప్పేమిటి?" అని అత్తగారనును. అందులో కోపముకన్న ఆశ్చర్యమే ఎక్కువ. అప్పు చేసి ఆపరేషను చేయించిరి, గర్భసంచి పోయినది, నొప్పి ఉండుటకు చోటెక్కడ? కోడలికి బదులు తోచదు. తాను చెప్పునది తనకే అబద్ధమువలె తోచును. ఆ తరువాత ఆమె చెప్పుట మానివేయును. తెలుగుదేశమున ఓర్పుగల స్త్రీని భూదేవితో పోల్చుట ఒక అలవాటు. ఈ పోలికచేత ఎందరు స్త్రీలు వైద్యునికడకు పోవలసిన దినమున పోలేకపోయిరో ఆలోచింపదగినది. ప్రసవించు స్త్రీ కేక పెట్టవచ్చును. పురిటినొప్పికి లోకమున గౌరవమున్నది. ముట్టునొప్పికి లేదు. ముట్టు కూడ ఆగిపోయిన తరువాత మిగిలిన నొప్పికి అసలు పేరే లేదు.

పేరు లేకపోవుట ఒక చిక్కు. ఉన్న పేరు అస్పష్టమగుట మరియొక చిక్కు. తెలుగున 'కడుపు' అను మాట అన్నము పడు చోటునకును, బిడ్డ పెరుగు చోటునకును ఒక్కటియే. కడుపు నిండును, కడుపు పండును. ఆకలిగొన్న వాని కడుపు మాడును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిది కడుపుకోత. భాషకు ఇది అలంకారమే, కాని వైద్యుని బల్లయెదుట పెద్ద అడ్డు. "కడుపులో నొప్పండీ" అని స్త్రీ చెప్పినచో ఆయన జీర్ణాశయమునకు మందు వ్రాసియిచ్చుట వింత కాదు. గర్భసంచి లేని స్త్రీ యని తెలిసిన పిమ్మట మరియు వింత కాదు. వైద్యగ్రంథములను తెనిగించినవారు ఈ భాగమునకు 'శ్రోణి' అని పేరు పెట్టిరి. మంచి సంస్కృతపదమే, ఏ ఇల్లాలికిని తెలియదు. పొత్తికడుపు, గజ్జ, నడుము, తుంటి, తొడ మొదలు అని చెప్పి, వ్రేలితో చూపినచో సగము పని జరిగినట్లే.

నొప్పిని వర్ణించు మాటలు వైద్యమునకు ఎంత పనికివచ్చునో లోకమునకు చూపినవాడు రోనాల్డ్ మెల్జాక్ అను కెనడా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. యువకుడుగా అమెరికాలోని ఆరెగానులో పనిచేయుచున్నపుడు అతడు కాలు తొలగింపబడిన ఒక వృద్ధురాలిని కలిసికొనెను. లేని కాలిలో ఆమెకు నొప్పి. ఆ నొప్పిని ఆమె వర్ణించిన మాటలు విని, వానిని వ్రాసికొనుట మొదలిడెను. అటుపై ఇతర రోగుల మాటలను ప్రోగుచేసెను. 1975లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయము నుండి అతడు ప్రకటించిన ప్రశ్నావళిలో 78 మాటలు 20 గుంపులుగా నున్నవి. నొప్పి ఎంత అని మాత్రమే కాదు, ఎట్టిది అని అడుగుట ఆ ప్రశ్నావళి సారము. వూల్ఫ్ లేవన్న మాటలను మెల్జాక్ పట్టికగా వేసి చూపెను.

తెలుగునకు ఇట్టి పట్టిక వేయబూనినవానికి సామగ్రి కరవు లేదు. పోటు వేరు, సలుపు వేరు. చెవిపోటు, పంటిపోటు అని యందుము గాని చెవిసలుపు అనము. పుండు సలుపును, గోరుచుట్టు సలుపును. తీపు కాళ్ళలో ఉండును, రోజంతయు నిలుచున్నవానికి. గుంజుట ఒక దిక్కునకు లాగుట. పీకుట లోపలినుండి. నడుము కలుక్కుమనును, సూది చురుక్కుమనును, నరము జివ్వుమనును. కడుపులో మెలిపెట్టును, నులుపెట్టును, దేవును. తిమ్మిరి, మంట, మొద్దుబారుట మరియొక జాతి. ఏ నిఘంటువును తిరుగవేయకయే పల్లెలోని ఏ స్త్రీయైనను వీనిని వేరువేరుగా వాడగలదు. మూడు నాలుగు తరములు ఆంగ్లమున చదివిన కుటుంబములలోనే ఇవన్నియు 'పెయిన్' అను ఒక్క మాటలో మునిగిపోయినవి.

ఈ భేదములు కేవలము భాషాభిమానులకు ముచ్చట గొలుపునవి కావు. మంట, జివ్వుమని కరెంటు తగిలినట్లుండుట, సూదులతో పొడిచినట్లుండుట, తిమ్మిరి, మొద్దుబారుట, ఇవి నరము దెబ్బతిన్నదనుటకు గుర్తులు. 2005లో ఫ్రెంచి వైద్యులు రూపొందించిన చిన్న ప్రశ్నావళి ఒకటి నరముల నొప్పిని పట్టుటకు సరిగా ఈ మాటలనే అడుగును. ఆపరేషను కోత పొత్తికడుపుమీద అడ్డముగా పడినప్పుడు, గజ్జవైపు పోవు సన్నని నరములు ఒక్కొక్కప్పుడు ఆ మచ్చలో చిక్కుకొనును. అప్పుడు నొప్పి మచ్చ అంచున మొదలై తొడలోనికి దిగును. కూర్చున్నంత సేపు అడుగున మంటపుట్టి, లేచినంతనే తగ్గునది మరియొక నరమును అనుమానింపజేయును. మెలిపెట్టి, కొంతసేపు ఉండి, వదలునది సాధారణముగా పేగునకు సంబంధించినది. మూత్రము నిండినకొలది హెచ్చి, పోసిన తరువాత తగ్గునది మూత్రాశయమునకు. రోజు గడచినకొలది బరువుగా క్రిందికి లాగునది, బిందె ఎత్తినప్పుడు హెచ్చునది కండరములకు. ముట్టు లేకున్నను ఇంచుమించు నెలకొకసారి వచ్చి పోవు నొప్పియైనచో, మిగిలిన అండాశయమును, మిగిలిన జబ్బును తలంపవలెను. మాట వినినంతనే రోగనిర్ణయము జరుగదు. ఏ తలుపు ముందు తట్టవలెనో తెలియును.

కండరముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. ఏలననగా అందరును మరచునది అదియే. నడుము క్రింద ఎముకలు గిన్నెవలె అమరియున్నవి. ఆ గిన్నె అడుగున ఉట్టివలె కొన్ని కండరములు అల్లుకొని, పేగును, మూత్రాశయమును మోయుచుండును. ఏండ్ల తరబడి నొప్పితో బ్రతికిన స్త్రీ తెలియకయే ఆ ఉట్టిని బిగబట్టుకొనును. దెబ్బ తగులునని తెలిసినవాడు ఒళ్ళు బిగించుకొనునట్లు. ఆపరేషను తరువాతకూడ ఆ బిగువు సడలదు. బిగిసిన కండరము తానే నొప్పిపెట్టును. ఇట్టివారికి వ్యాయామము నేర్పునపుడు ఒక పొరపాటు జరుగుచుండును. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఈ కండరములను బిగించి వదలు వ్యాయామమును ప్రచారము చేసెను. దగ్గినప్పుడు మూత్రము జారువారికి అది మంచిది. ముందే బిగిసియున్నవారికి మరల బిగించుమనుట ముడిని మరింత లాగుట వంటిది. వారు మొదట నేర్వవలసినది వదలుట. వెల్లకిల పండుకొని, మోకాళ్ళు మడచి, ఊపిరి పొట్టలోనికి నెమ్మదిగా దించుచు, దానితోపాటు అడుగు కండరములను జారవిడుచుట. చూచుటకు ఏమియు చేయనట్లే ఉండును. అలవడుటకు వారములు పట్టును. ఇది నేర్పగల ఫిజియోథెరపీ నిపుణులు పెద్ద పట్టణములలో ఉన్నారు. చిన్న ఊళ్ళవారికి వారు దొరకుట కష్టము.

ఇక నరముల సంగతి. నొప్పి గాయము నుండి మెదడునకు పోవు తంతివార్త వంటిదని పూర్వము తలంచెడివారు. 1965లో మెల్జాక్, పాట్రిక్ వాల్ అనువారలు వెన్నుపాములో ఒక ద్వారము వంటిది ఉన్నదని, అది వార్తను హెచ్చించి గాని తగ్గించి గాని పంపగలదని ప్రతిపాదించిరి. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు, గాయము నుండి వార్తలు ఎడతెగక వచ్చినచో వెన్నుపామే మారిపోయి చిన్న స్పర్శను సైతము నొప్పిగా చదువుకొనునని ప్రయోగమున చూపెను. పది పదునైదేండ్లు నెలనెల నొప్పి తిన్న శరీరమునకు ఇది వర్తింపకుండునా? గర్భసంచి పోయినను, దాని వార్తలకు అలవాటుపడిన నరములు ఊరకుండవు. ఇది మనస్సు కల్పించినది కాదు. అత్తగారి ప్రశ్నకు బదులు కూడ ఇందులోనే ఉన్నది. చోటు పోయినను నొప్పి యుండవచ్చును.

ఈ అవస్థలో మందులు కొంతవరకే తోడ్పడును. నరముల నొప్పికి అమిట్రిప్టిలిన్ అను మాత్రను తక్కువ మోతాదులో రాత్రివేళ ఇచ్చుట కలదు. అది మొదట మనోవ్యాకులతకు వాడిన మందు. ఆ సంగతి మందుల కొట్టులోనో, ఇరుగుపొరుగు వలననో తెలిసిన స్త్రీ, "నన్ను పిచ్చిదాన్ని చేశారు" అని మాత్రలను మూలకు విసరివేయును. మాంటెల్‌కు జరిగినది తలంచినచో ఆ కోపమును తప్పుపట్టలేము. కాని ఇచ్చట ఇచ్చునది నరము కొరకు. ఇవ్వబోవు వైద్యుడు ఆ ఒక్క మాట ముందు చెప్పినచో చాలును. గాబాపెంటిన్ అను మరియొక మందును చాలకాలము విరివిగా వాడిరి. కారణము కనబడని పొత్తికడుపు నొప్పిగల స్త్రీలకు అది ఉత్తి పిండిమాత్రకన్న ఎక్కువ మేలు చేయలేదని 2020లో బ్రిటనులోని పెద్ద పరీక్షలో తేలినది. మత్తుజాతి నొప్పిమాత్రలు మొదట హాయి నిచ్చి, నెలలు గడచినకొలది పేగును బిగించి, నొప్పినే పెంచును.

అందుచేత ఇంటిపట్టున చేసికొను ఉపాయములకు గౌరవమీయవలసియున్నది. కాపడము వానిలో మొదటిది. వేడినీళ్ళ సంచియైనను, పెనముపై కాచిన ఉప్పుమూటయైనను, బిగిసిన కండరమును సడలించును. మచ్చ చుట్టును చర్మము మొద్దుబారినవారు మాత్రము చేతితో వేడి చూచుకొని పెట్టవలెను, కాలినను తెలియదు. మలబద్ధము లేకుండ చూచుకొనుట రెండవది. ఎండిన మలము నొచ్చుచున్న చోటునే ఒరసికొనిపోవును గనుక, నీరు, పీచుగల కూరలు ఇచ్చట మందుతో సమానము.

అన్నింటికన్న కష్టమైనది పనిని పంచుకొని చేయుట. నొప్పి తగ్గిన దినమున స్త్రీకి ఇల్లంతయు కనబడును. పండుగ ముందు బూజులు దులుపును, పరుపులు ఎండవేయును, పిండివంటలకు కూర్చుండును. పండుగనాటికి మంచము పట్టును. మూడు దినములు పండుకొని, నాలుగవనాడు మిగిలిన పనులన్నియు ఒక్కసారి మొదలుపెట్టును. ఈ రాట్నము తిరిగినకొలది ఓపిక తరుగును. మంచిదినమున చేయగలిగినదానికన్న తక్కువ చేసి, చెడ్డదినమున కొంతయైన కదలుట దీనికి విరుగుడు. వినుటకు సులభము. కాని నలుగురున్న ఇంటిలో, బాగున్నట్లు కనబడు కోడలు అరగంట పని చేసి అరగంట కూర్చున్నచో మాటపడక తప్పదు. కాబట్టి ఈ మందును రోగికి చెప్పుట చాలదు. ఇంటివారికి చెప్పవలెను, భర్తను పిలిచి చెప్పవలెను.

భర్తకు చెప్పవలసినది మరియొకటి కలదు. ఈ జబ్బుతో దాంపత్యసుఖము నొప్పిగా మారుట సర్వసాధారణము. ఆపరేషను తరువాత ఇద్దరును అది తీరిపోవునని ఆశపడుదురు. తీరనప్పుడు భార్య భయముచే తప్పించుకొనును. భర్త అయిష్టమని తలంచును. ఇద్దరిలో ఎవరును నోరెత్తరు. అండాశయములు తీసినందువలన కలుగు పొడిదనమునకు మందు ఉన్నది. బిగిసిన కండరములకు చికిత్స ఉన్నది. అడిగినచో వైద్యురాలు చెప్పును. ఈ మాటను అడుగుటకు తెలుగున మర్యాదయైన పదములు లేవనువారున్నారు. "కలిసినప్పుడు నొప్పి" అను రెండు మాటలు చాలును. అందులో సిగ్గుపడవలసినదేమియు లేదు.

వైద్యుని మరల చూడబోవుటకు ముందు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. ఆపరేషను కాగితములను వెదకుట. తెలుగు పల్లెలలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీని, "అండాశయములు ఉంచిరా, తీసిరా?" అని అడిగినచో తెలియదని చెప్పువారు తక్కువ కాదు. వెలుపల పాతుకొన్న జబ్బును కోసిరా, వదలిరా, తీసిన ముక్కను పరీక్షించినవారు ఏమి వ్రాసిరి అనునవి కూడ ఆ కాగితములలోనే ఉండును. అవి ట్రంకుపెట్టె అడుగున చీరల క్రింద దొరకవచ్చును. దొరకనిచో ఆసుపత్రిని అడిగి తెచ్చుకొనవలెను. జ్వరముతో కూడిన నొప్పి, మరల రక్తము కనబడుట, కారణము లేక బరువు తగ్గుట, వాంతులతో కడుపు ఉబ్బి మలవాయువులు బంధించుట, ఒక కాలు వాచుట జరిగినచో కాగితముల కొరకు ఆగరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

తక్కినవారు ఒక రెండణాల నోటుపుస్తకము వంటిది, నేటి ధరకు పదిరూపాయలది, కొని మూడు నెలలు వ్రాసికొన్నచో మేలు. తారీఖు, చోటు, నొప్పి జాతి, ఏమి చేసినప్పుడు హెచ్చినది, ఏమి చేసినప్పుడు తగ్గినది. చదువురానివారికి కూతురో కొడుకో వ్రాసిపెట్టవచ్చును. పుస్తకభాష అక్కరలేదు. "మంగళవారం. బియ్యం బస్తా జరిపాను. సాయంత్రం నుంచి ఎడమ గజ్జలో గుంజుతోంది. కాపడం పెట్టాను. పదింటికి నిద్రపట్టింది. బుధవారం. బస్సులో రెండు గంటలు కూర్చున్నాను. అడుగున ఒకటే మంట. నిలబడితే తగ్గింది." రోగి చెప్పిన బాధను రోగి మాటలలోనే వ్రాసికొనవలెనని వైద్యవిద్యార్థులకు మొదటి పాఠములలోనే నేర్పుదురు. తెలుగుదేశపు ఆసుపత్రి కాగితములలో ఆ గుంజుటయు, ఈ మంటయు ఆంగ్లమున ఒకే మాటగా మారి పడుచున్నవి. నోటుపుస్తకము బల్లమీద పెట్టినచో, మంగళవారపు నొప్పి ఒకటని, బుధవారపు నొప్పి మరియొకటని వైద్యునికి తెలియును.